ఆగవలసిన ఎత్తు

ల్యాబ్‌లో అతన్ని అందరూ నిదానం అంటారు. ఎదురుగా ఉంటే నిదానం గారు అంటారు. ఆ పేరు పెట్టింది అతని భార్య. పెళ్లయిన కొత్తలో, చొక్కా తొడుక్కుంటూ ఒక్కో గుండీ దగ్గరా ఆగి ఏదో ఆలోచించే మనిషిని చూసి ఆమె, "నిదానమే ప్రధానం అన్నారు గానీ, అదొక్కటే ఉంటే చాలనలేదు" అంది. ఆమె పని కూడా అదే సంస్థలో, అతని గదికి రెండంతస్తుల కింద. ఆ మాట మెట్లెక్కి పైకి రావడానికి ఎంతోసేపు పట్టలేదు.

ఆమె పోయింది. పేరు ఉండిపోయింది.

అతని గది మధ్యలో ఇనుప చట్రానికి ఒక పీపా వేలాడుతూ ఉంటుంది. మనిషంత పొడవు. లోపల ఒకదాని కింద ఒకటిగా రాగి పళ్లేలు, కిందికి వెళ్లేకొద్దీ చలి. అన్నిటికన్నా కింది పళ్లెం దగ్గరుండే చలి ముందు నక్షత్రాల మధ్య ఖాళీ కూడా ఎండలాంటిదే. పక్క గదిలో పంపు పగలూ రాత్రీ ఒకటే కూత కూస్తుంది. కొత్తవాళ్లకి ఆ కూతకి తలనొప్పి వస్తుంది. అతనికి అది ఆగితేనే వినిపిస్తుంది.

ఆ కింది పళ్లెం మీద గోరంత చిప్పు ఒకటి బిగించి ఉంది. దాన్ని చేసింది ఆమె. పసుప్పచ్చ దీపాల గదిలో, తల నుంచి కాలి వరకు తెల్లటి ముసుగు తొడుక్కుని, కళ్లు మాత్రమే కనిపించేలా కూర్చుని, ఎలక్ట్రాన్ల ధారతో గీతలు గీసి చేసేది. చేసినవాటిలో చాలావరకు బతికేవి కావు. ఒక దుమ్ము రేణువు పడినా, వేలి కొస నుంచి ఒక చిన్న మెరుపు తగిలినా చాలు. చచ్చిన చిప్పుల్ని పారెయ్యకుండా అగ్గిపెట్టెలో వేసుకుని, "ఇది మా శ్మశానం" అనేది. ఈ చిప్పు బతికింది. దీన్ని అతని చేతికిచ్చిన కొద్ది రోజులకే, పళ్లు తోముకుంటూ అద్దం ముందు పడిపోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు. మళ్లీ లేవలేదు.

ఆ చిప్పు ఒక ఇంజను. ఒక వైపు వేడి ఎలక్ట్రాన్ల మడుగు, మరో వైపు చల్లని ఎలక్ట్రాన్ల మడుగు, నడుమ ఒకే ఒక్క ఎలక్ట్రాను నిలబడగల దిబ్బ. వేడి మడుగులోంచి ఒకటి ఎగిరి దిబ్బ మీదికి వస్తుంది. అక్కణ్ణించి చల్లని మడుగులోకి వెళుతుంది. ఆ చల్లని మడుగును ఓల్టేజితో కాస్త ఎత్తున పెడతారు. కాబట్టి దాటిన ప్రతి ఎలక్ట్రానూ ఆ మేరకు గట్టెక్కినట్టే. వేడిలో కొంత పనిగా మారినట్టే. బొగ్గుతో నడిచే రైలింజను చేసేదీ ఇదే. కాకపోతే ఇక్కడ ఒక్క కూలీ, ఒక్క బస్తా.

ఇంత చిన్న ఇంజనుకు ఒక బుద్ధి ఉంది. ఎప్పుడూ ముందుకే పోదు. అప్పుడప్పుడు ఒక ఎలక్ట్రాను వెనక్కి జారుతుంది. ఆ క్షణానికి ఇంజను పనిని తిని, వేడిని వేడి వైపుకే మోసుకుపోయినట్టు. ప్రకృతి ఒక్కొక్క అడుగునూ పట్టించుకోదు, మొత్తం మీద చూస్తుంది. గట్టు ఎత్తు పెంచుకుంటూ పోతే, ఎక్కేవీ జారేవీ సరిసమానమయ్యే చోటు ఒకటి వస్తుంది. అదే హద్దు. ఇంజను అక్కడ ఆగిపోవాలి. ఆ ఎత్తును రెండు మడుగుల ఉష్ణోగ్రతలే నిర్ణయిస్తాయి. చిప్పు ఎవరు చేశారు, దేనితో చేశారు అన్నదానితో హద్దుకు పని లేదు. హద్దుకు బాగా దగ్గరగా నడిచే ఇంజను దాదాపు ఏదీ వృథా చెయ్యదు. దాదాపు ఏ పనీ చెయ్యదు కూడా.

ఇది మొదటిసారి విన్నప్పుడు ఆమె, "అంటే అచ్చం నీలాగే" అంది.

ఆమె చేసిన ఆ ఆఖరి చిప్పు హద్దు దగ్గర ఆగలేదు.

ఆమె పోయాక కొన్నాళ్లు సెలవు పెట్టి, తిరిగి పనిలోకి వచ్చిన తర్వాత అతను ఆ సంగతి గమనించాడు. ఆగవలసిన ఎత్తు దాటించినా ఎలక్ట్రాన్లు ఇంకా ఎక్కుతూనే ఉన్నాయి. మళ్లీ చూశాడు. తీగలు మార్చి చూశాడు. ఎక్కుతూనే ఉన్నాయి. కాగితం మీద గ్రాఫు తీసుకుని ల్యాబ్ పెద్ద దగ్గరికి వెళ్లాడు. అందరూ మేడమ్ అని పిలిచే ఆవిడ రిటైరవ్వడానికి దగ్గర్లో ఉంది. గ్రాఫు చూసి, కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది.

"ఎవరికీ చెప్పకు. పెదవి దాటితే పృథివి దాటుతుంది" అంది.

వారం తిరక్కుండా తనే నలుగురికి చెప్పింది. రాబోయే సభలో దీని మీదే మాట్లాడతానని ఒప్పుకుంది.

"నీకు సంతోషంగా లేదా?" అని అడిగింది అతన్ని.

"ఉందేమో మేడమ్."

అతనికి ఏడుపూ రాలేదు, సంతోషమూ రాలేదు. ఆపుకుంటున్నాడని చుట్టుపక్కలవాళ్లు అనుకున్నారు. ఆపుకోవడానికి అక్కడ ఏమీ లేదు. ఒత్తిగిలి పడుకున్న చెయ్యి తెల్లారి లేచేసరికి ఎలా ఉంటుందో అలా ఉంది. ఉందని తెలుసు. తనదని తెలియదు.

ఇంట్లో అత్తగారు ఉంది. కూతురి కబురు విని చిన్న సంచీతో వచ్చిన మనిషి, తిరిగి వెళ్లలేదు. చొక్కాల ఫ్యాక్టరీలో కుట్టుమిషను మీద బతుకు వెళ్లదీసిన మనిషి. ఇప్పటికీ ఎవరు ఎదురొచ్చినా ముందు కాలరు కుట్టు చూస్తుంది, తర్వాతే మొహం. ఆవిడ కొడుకు వేరే ఊళ్లో ఉంటాడు. వారం వారం ఫోన్ చేస్తాడు.

"బావా, అమ్మను ఎప్పుడు పంపిస్తావు? నీకెందుకీ బరువు?"

"బరువేం లేదు."

"నీకు లేకపోవచ్చు. ఇక్కడ నన్ను నలుగురూ నాలుగు మాటలంటున్నారు."

అత్తగారు ఫోను అందుకుంది. "దాని చిప్పు సంగతి తేలనీరా. అదేదో హద్దు దాటిందంట. సభలో చెబుతారంట. ఆ మాట ఖాయమని నా చెవిన పడ్డాక వస్తాను. ఈలోగా నీ ఇల్లు కాళ్లొచ్చి ఎక్కడికీ పోదు."

సాయంత్రం అతను వచ్చేసరికి వంటయ్యేది. పళ్లెం పెట్టి, ఎదురుగా స్టూలు మీద కూర్చునేది. పళ్లెం ఖాళీ అయ్యేదాకా లేచేది కాదు.

"నాకేసి కాదు బాబూ, పళ్లెంకేసి చూసి తిను."

అతను తినేవాడు. నమిలితే నలుగుతోంది కాబట్టి నమిలేవాడు. ఆవిడ చూస్తోంది కాబట్టి మింగేవాడు. అతను తిన్నాక అందులోంచే తనూ పెట్టుకుని తినేది. ఒక రోజు పొద్దున్నే ఆవిడ వంటగదిలోంచి కొత్త ఉప్పు ప్యాకెట్టు పట్టుకుని వచ్చింది. చింపకుండా అలాగే ఉంది. పాతది రెండు రోజుల ముందే అయిపోయింది.

"నిన్న కూరలో ఉప్పే లేదు. చెప్పవేం?"

"తెలీలేదు అత్తయ్యా."

ఆవిడ ప్యాకెట్టును అటూ ఇటూ తిప్పి చూసింది. "నేనూ తిన్నాను. నాకూ తెలీలేదు."

ఒక మధ్యాహ్నం ఆఫీసు తాళాలు మరిచిపోయి ఇంటికి వచ్చాడు. ఆవిడ గదిలో కుర్చీలో కూర్చుని ఉంది. చేతిలో ఏమీ లేదు. కిటికీ తెర వేసి ఉంది. వంటగది తొట్టిలో ఒక టీ కప్పు తప్ప మరే గిన్నే లేదు.

"భోంచేశారా?"

"ఆఁ."

అతను అలవాటు చొప్పున పొయ్యి మీద చెయ్యి పెట్టి చూశాడు. "పొయ్యి చల్లగా ఉంది."

"పొయ్యికి ఆకలి లేదట" అంది ఆవిడ. తాళాలు తీసి అతని చేతిలో పెట్టింది.

సభ దగ్గరపడింది. ఒక రోజు లెక్కలాయన అతని గదికి వచ్చాడు. ల్యాబ్‌లో ఎవరు ఏం కొలిచినా దానికి వెనకుండే సమీకరణాలు చూసేది ఈయనే. చేతిలో టీ కప్పు లేకుండా ఆయన్ను ఎవరూ చూడలేదు. తెర ముందు నిలబడి, కప్పుతోనే చూపించాడు.

"ఏమయ్యా నిదానం, ఈ మెట్లు ఇంత శుభ్రంగా ఉన్నాయేం? వేసవిలో తీసినవి గడ్డి మొలిచినట్టుండేవి."

దిబ్బ పక్కనే సన్నని కాలువ ఒకటి ఉంది. అందులో కరెంటు పారుతుంది. దిబ్బ మీద ఎలక్ట్రాను నిలబడితే ఆ కరెంటు కాస్త తగ్గుతుంది, దిగిపోతే మళ్లీ పెరుగుతుంది. తెర మీద అది మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. ల్యాబ్‌లో ఆ కాలువను కాపలావాడు అంటారు. ఎన్ని ఎక్కాయి, ఎన్ని జారాయి అన్నది వాడు చెబితేనే తెలుస్తుంది. మెట్లు సరిగా కనిపించని చోట కంప్యూటరు తడబడుతుంది, అప్పుడు మనిషి కూర్చుని కళ్లతో చూసి సరిదిద్దాలి.

"కాపలా కరెంటు పెంచాను" అన్నాడు అతను.

"ఎప్పుడు?"

"సెలవయ్యాక, వచ్చిన కొత్తలో."

"ఎందుకు పెంచావు?"

"చూస్తూనే ఉంటాను, ఏం చూశానో తెలియడం లేదు. మెట్లు తప్పిపోతున్నాయి. ఇందులో ఒక్కటి కూడా పోకూడదనిపించింది."

లెక్కలాయన కప్పు కింద పెట్టాడు. ఇద్దరూ తెరకేసి చూస్తూ నిలబడ్డారు. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది, ముందు ఎవరనాలన్నదే మిగిలింది.

కాలువలో పారే కరెంటు నిలకడగా ఉండదు, వణుకుతూ ఉంటుంది. ఆ వణుకు పక్కనున్న దిబ్బకు తగులుతుంది. దాని మీది ఎలక్ట్రానును తోస్తుంది. ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. మొదట్లో ఒకసారి చూసి, ఆ తోపు ఎంతో తక్కువని తేల్చుకుని వదిలేశారు. ఆ తర్వాత కాపలావాడు కాపలా కాస్తున్నాడనే అనుకున్నారు. వాడు కూడా బస్తాకు ఒక చెయ్యి వేస్తున్నాడని ఎవరికీ తోచలేదు.

"హద్దు దాటింది ఇంజను కాదేమో" అన్నాడు లెక్కలాయన. "వెనకనుంచి మనమే నెడుతున్నామేమో."

"ఊఁ."

"కొండను తవ్వి ఎలుకను పట్టాం. అది కూడా మనం పెంచిన ఎలుకే." కప్పు మళ్లీ అందుకున్నాడు. టీ చల్లారిపోయి ఉంది. "మేడమ్‌కి ఎవరు చెప్తారు?"

"నేను."

"ఎప్పుడు?"

"ఇప్పుడు."

"నువ్వు నిదానానివేనా?"

అది ధైర్యం కాదు. ధైర్యానికి ముందు కొంచెం భయం కావాలి, అతని దగ్గర అది కూడా లేదు.

అతను చెప్పిందంతా మేడమ్ విన్నది. కిటికీలోంచి బయటికి చూసింది. బయట పార్కింగులో ఎవరో కారు వెనక్కి తీస్తున్నారు. అది తీయడం పూర్తయ్యేదాకా చూసింది.

"కాపలా తీసేసి చూడు."

"తీసేస్తే ఏమీ కనబడదు మేడమ్."

"మరి?"

"కొంచెం కొంచెం తగ్గిస్తాను. తగ్గించిన ప్రతిసారీ ఇంజను ఏ ఎత్తు దగ్గర ఆగుతుందో చూస్తాను. ఆ చుక్కలన్నీ కలిపి గీత గీస్తే, అసలు చూడనప్పుడు ఎక్కడ ఆగుతుందో తెలుస్తుంది."

"అన్నాళ్లు లేవు మన దగ్గర. ఒక్కసారే బాగా తగ్గించెయ్యి."

"ఒక్కసారిగా మారిస్తే చిప్పు చచ్చిపోవచ్చు."

అది ఎవరు చేసిన చిప్పో ఆవిడకు తెలుసు. బల్ల మీది పెన్ను తీసి మూత పెట్టింది.

"మెల్లగానే కానియ్యి. నేనైతే నలుగురికీ చెప్పేశాను. నువ్వెవరికీ చెప్పలేదుగా?"

"మా అత్తయ్యకి చెప్పాను."

"ఏమంది?"

"దాని కోసమే ఉండిపోయింది."

కాపలా కరెంటు తగ్గించడం మొదలుపెట్టాడు. తగ్గించిన కొద్దీ తెర మీద గడ్డి మొలిచింది. మెట్లు గడ్డిలో మునిగిపోయాయి. ఒక్క చుక్క పెట్టడానికి రోజంతా చాలేది కాదు. అతను కూర్చుని ఒక్కో మెట్టునూ వెతికి పట్టుకునేవాడు. ఇదివరకు తప్పించుకోవాలనుకున్న పనే అది.

మొదటి చుక్క కిందికి వచ్చింది. రెండోది ఇంకా కిందికి. ఇక్కడ ఒక సంగతి అతనికి తట్టింది. ఇలా దిగుతూ దిగుతూ హద్దును కూడా దాటి, ఏ ఎత్తూ ఎక్కలేని చోటికి వచ్చి ఆగితే? అంటే ఆ చిప్పు ఎప్పుడూ ఏమీ చెయ్యలేదనీ, మోసిందంతా తన చూపేననీ తేలితే? మీట మీద పెట్టిన అరచెయ్యి తడిసింది. దాన్ని ప్యాంటుకు తుడుచుకున్నాడు. భయమంటే ఇలాగే ఉండేదని గుర్తొచ్చింది.

ఇంట్లో అత్తగారు పళ్లెం పెట్టి కూర్చుంది.

"తేలిందా?"

"ఇంకా లేదు."

"దాటిందనే కదా అన్నావు అప్పుడు."

"అన్నాను."

"ఇప్పుడు?"

"మళ్లీ చూస్తున్నాం."

ఆవిడ పళ్లేన్ని అతని వైపుకు కాస్త జరిపింది. ఫోను మోగింది. కొడుకు. ఆవిడ తియ్యలేదు.

ఆఖరి చుక్క పెట్టిన రోజు లెక్కలాయన ఎక్కణ్ణుంచో స్టీలు స్కేలు పట్టుకొచ్చి, తెరకే ఆనించాడు. కంప్యూటరు గీత గీయగలదు. అయినా స్కేలే పెట్టాడు. మేడమ్ వెనక నిలబడింది. చుక్కలన్నీ స్కేలు అంచున నిలబడ్డాయి. స్కేలు ఎడమ కొస, చూపు సున్నా అయ్యే చోట, సరిగ్గా హద్దు మీద పడింది. కింద కాదు, పైనా కాదు.

పక్క గదిలో పంపు కూస్తోంది. అది ఆ రోజు అతనికి వినిపించింది.

"దాటలేదు" అన్నాడు లెక్కలాయన.

"దాటలేదు" అంది మేడమ్. తర్వాత వంగి ఆ కొస దగ్గర వేలు పెట్టింది. "కానీ ఇంత దగ్గరగా వచ్చి ఆగిన చిప్పును నేను చూడలేదు. మనవీ, వేరేవాళ్లవీ, అన్నిట్లోనూ ఎక్కడో ఒకచోట వేడి కారిపోయేది. హద్దుకు ఎంతో ముందే ఆగిపోయేవి." వేలు తీసేసింది. "సభలో ఇదే చెప్తాను. దాటినట్టు ఎందుకు కనిపించిందో కూడా చెప్తాను. నేను ముందే చెప్పేసినవాళ్లకి మాత్రం మొహం ఎలా చూపించాలో నువ్వే చెప్పు."

"మెల్లగా చూపించండి మేడమ్" అన్నాడు లెక్కలాయన.

ఆ సాయంత్రం అతను తినడం మొదలుపెట్టక ముందే చెప్పాడు.

"తేలింది అత్తయ్యా. దాటలేదు."

ఆవిడ స్టూలు మీద కదిలి కూర్చుంది.

"దాన్ని చూడటానికి పక్కన కొంత కరెంటు పెడతాం. నేను ఎక్కువ పెట్టాను. అది దాన్ని తోసింది. తగ్గించుకుంటూ వస్తే, ఆగాల్సిన చోటే ఆగింది."

ఆవిడ బల్ల మీద మరక లేని చోట గుడ్డతో తుడిచింది.

"మా ఫ్యాక్టరీలో మేస్త్రీ వెనక నిలబడితే అందరం నాలుగు చొక్కాలు ఎక్కువే కుట్టేవాళ్లం. ఆయన అటు తిరగ్గానే ఎవరి అసలు చెయ్యి వాళ్లది" అంది. "మరి దాని అసలు చెయ్యి ఎలా ఉంది?"

"హద్దు దాకా వెళ్లింది. మిగతావాళ్లవి మధ్యలోనే ఆగిపోతాయి. ఎక్కడో కారతాయి. ఇది కారలేదు."

"కుట్టు ఎక్కడా ఊడలేదన్నమాట."

"ఊడలేదు."

"చిన్నప్పుడు కుట్టు నేర్పబోతే నేర్చుకోలేదు. సూదిలో దారం ఎక్కించే ఓపిక లేదు పో అనేది." గుడ్డను మడత పెట్టింది. ఆ మడతను మళ్లీ మడిచింది. "సరే. కబురు వినేశాను. ఇక వెళ్లాలి నేను."

"ఊఁ."

"నేను పోతే తింటావా?"

అతను ఆలోచించాడు. "తెలీదు. అక్కడ మీరు తింటారా?"

"నాకూ తెలీదు."

కూర చల్లారుతోంది. ఇద్దరూ దాన్నే చూశారు.

"నువ్వు ఆ కరెంటేదో ఒక్కసారే తీసేశావా?" అని అడిగింది.

"లేదు. కొంచెం కొంచెం."

"అయితే మనమూ అంతే. ఈ వారం వెళ్లి రెండు రోజులుండి వస్తాను. ఫోన్ చెయ్యను. తిన్నావా అని అడగను. నువ్వూ అడక్కు. వచ్చాక చూస్తాను ఎంత తిన్నావో."

"ఎలా చూస్తారు?"

"గిన్నెలు చెప్తాయి. అవి నీలాగా నీళ్లు నమలవు."

వారాంతంలో అతను ఆవిడను బస్సెక్కించాడు. అదే చిన్న సంచీ. కిటికీ పక్కన సీటు దొరికింది. బస్సు కదిలేటప్పుడు ఆవిడ అతని మొహం చూడలేదు, కాలరు చూసింది. అక్కడ కుట్టు ఊడిందేమోనని అతను వేలితో తడుముకున్నాడు. ఊడలేదు.

ఇంటికి వచ్చి, రోజూ తినే వేళ దాకా కుర్చీలో కూర్చున్నాడు. వేళ దాటింది. ఇంకాసేపు కూర్చున్నాడు. తర్వాత లేచి పొయ్యి వెలిగించాడు. కూర తరిగాడు, ముక్కలు ఒకదానికొకటి పొంతన లేకుండా వచ్చాయి. ఉడికిందో లేదో గరిటెతో నొక్కి చూశాడు. పళ్లెంలో పెట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా స్టూలు ఉంది.

ఒక ముద్ద తిన్నాడు. రెండోది నోట్లో పెట్టుకుని ఆగాడు.

ఉప్పు తక్కువైంది.

లేచి వంటగదిలోకి వెళ్లి డబ్బా తెచ్చుకున్నాడు. చిటికెడు చల్లి, కలిపి, మళ్లీ నోట్లో పెట్టుకుని చూశాడు. రోజూ తినేదాంట్లో సగం కూడా తినలేకపోయాడు. మిగిలినదాన్ని పారెయ్యలేదు. గిన్నె మీద మూత పెట్టి, ఆవిడ వచ్చి చూసుకునేలా అలాగే ఉంచాడు.